మైలాపూర్ మేడ మీద ఫ్రెంచ్ నవలలు, కోర్టు కేసులు: శనివారం క్లాసు రివ్యూ

ఫ్రెంచ్ ఒక్క ముక్క రాకపోయినా ఫ్రెంచ్ సాహిత్యంలో నేరం, కోర్టు, శిక్ష అనే సబ్జెక్టుని పద్ధతిగా చదువుకునే చోటు చెన్నైలో ఒకటుంది, మైలాపూర్‌లో లజ్ కార్నర్‌కి దగ్గర్లో ఒక రిటైర్డ్ మేడమ్ వాళ్ళింటి మేడ మీద. శనివారం సాయంత్రం రెండు గంటల క్లాసు, మూడు నెలల కోర్సు, ఫీజు 6,500, ప్రింటౌట్లు, మధ్యలో కాఫీ అందులోనే. మేడమ్‌ది యానాం, కాలేజీలో ఫ్రెంచ్ చెప్పి రిటైరయ్యారు, పేరూ ఫోన్ నంబరూ నెట్‌లో పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. మా బ్యాచ్ ఈమధ్యే అయిపోయింది, ఇలాంటి క్లాసుల గురించి తెలుగులో రాసేవాళ్ళు తక్కువ కదా అని నేను రాస్తున్నా. రేటింగ్ అంటే ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గిందో కింద చెప్తా.

నాది నెల్లూరు, లా చదివి ఇక్కడ ఒక బ్యాంకు లీగల్ సెక్షన్‌లో చేస్తున్నా, రోజంతా తాకట్టు కాయితాలూ లింకు డాక్యుమెంట్లే, క్రిమినల్ లా అంటే కాలేజీలో పరీక్ష కోసం చదివిందే. ఇదే సబ్జెక్టు మీద అంతకుముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టా, పేరెందుకులే, రచయిత ఎక్కడ పుట్టాడు ఎప్పుడు పోయాడు ఎంత గొప్ప మానవతావాది, ఆ తర్వాత ఒక క్విజ్, అంతే, పుస్తకంలో ఒక్క పేజీ తెరిచి చూపించిన పాపాన పోలేదు. మేడమ్ దగ్గర పద్ధతే వేరు. ముందు నిజంగా జరిగిన కేసు చెప్తారు, అంటే ఎవరు పోయారు, ఎవర్ని పట్టుకున్నారు, సాక్షులెవరు, జడ్జి ఏమన్నాడు అన్నీ, దాని మీద మనల్ని కాసేపు వాదించుకోనిచ్చి అప్పుడు ఆ కేసు చుట్టూ పుట్టిన పుస్తకం తీస్తారు. ప్రతివారం బోర్డు మీద రాసే ప్రశ్న మాత్రం ఒకటే, "ఈ తీర్పు దేన్ని చూసి ఇచ్చారు?" అని. మొదట్లో ఇంత చిన్న ప్రశ్న ఏంటా అనుకున్నా కానీ మూడు నెలలూ నడిపింది అదే.

మొదటి శనివారం కలాస్ కేసు. 1761 అక్టోబర్, తులూజ్ ఊళ్ళో జాఁ కలాస్ అని బట్టల వ్యాపారి, ప్రొటెస్టెంట్, చుట్టూ కేథలిక్కులు. ఒక రాత్రి భోజనాలయ్యాక పెద్దకొడుకు మార్క్ ఆంత్వాన్ కింద షాపులో శవమై కనిపించాడు. ఉరేసుకున్నాడని చెప్తే ఆ రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ శవాన్ని వీధుల్లో ఈడ్చేవాళ్ళు, ఆ అవమానానికి భయపడి ఇంట్లోవాళ్ళు ముందు ఎవరో చంపేశారని చెప్పారు, తర్వాత మాట మార్చి ఉరేసుకున్నాడన్నారు. ఈలోగా జనంలో ఒక పుకారు లేచింది, కొడుకు కేథలిక్ మతంలోకి మారబోతున్నాడని తండ్రే చంపేశాడని. అంతే. 1762 మార్చి 10న కలాస్‌ని చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు, చిత్రహింసలు పెట్టినా చివరిదాకా నేను చెయ్యలేదనే అన్నాడు. రచయిత వోల్టేర్ ఈ కేసు పట్టుకుని 1763లో సహనం మీద పుస్తకం రాసి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, దేశమంతా కదిలించాడు, 1765 మార్చి 9న కలాస్ నిర్దోషి అని తేల్చారు. చంపిన మూడేళ్ళకి.

ఇదంతా కొంచెం తెలిసిందే నాకు, తెలియనిదేంటంటే అప్పటి సాక్ష్యాల లెక్క. పూర్తి సాక్ష్యం లేకపోతే సగం సాక్ష్యం, పావు సాక్ష్యం, అరపావు సాక్ష్యం అని కూడేవాళ్ళట, తులూజ్ కోర్టు చేసింది అదేనని వోల్టేర్ ఉతికి ఆరేశాడు, నాలుగు పుకార్లు కలిపితే ఒక రుజువు ఎలా అవుతుందని. అప్పుడు మేడమ్ నా వైపు తిరిగి "ఏవండీ లాయరుగారూ, మరి మన దగ్గర ఎలాగండి?" అన్నారు. మన సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో చెప్పింది ఇదే కదా, కళ్ళారా చూసిన సాక్షి లేనప్పుడు పరిస్థితుల గొలుసు ఎక్కడా తెగకుండా పూర్తిగా ఉండాలి, అనుమానం ఎంత బలమైందైనా రుజువు కాలేదు అని. కాలేజీలో ఆ కేసు ఐదు పాయింట్లుగా బట్టీపట్టా, అవి దేనికి అడ్డుగోడలో ఆ మేడ మీద కూర్చున్నాకే అర్థమైంది.

హ్యూగోకి మేడమ్ చాలా టైమిచ్చారు, ఇవ్వాల్సిందే. అందరికీ తెలిసిన రొట్టె కథ, జాఁ వల్జాఁ అనే పేదవాడు రొట్టె దొంగిలించి జైలుకెళ్ళే లే మిజరాబ్, 1862. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇది 1950లో నాగయ్య చేసిన బీదలపాట్లు సినిమాగా తెలుసు, అదే తమిళంలోనూ తీశారు, అందులో జావేర్ ఇన్‌స్పెక్టర్ లాంటి పాత్ర వేసిన సీతారామన్ పేరు ముందు జీవితాంతం జావర్ అని నిలిచిపోయింది, మా బ్యాచ్‌లో ఒక తమిళ పెద్దాయన ఆ సినిమా సీన్లు చెప్తుంటే క్లాసు కాసేపు అటే పోయింది. రొట్టె దొంగతనానికి పంతొమ్మిదేళ్ళు జైలు అని అందరం అంటాం కదా, మేడమ్ లెక్క విప్పి చూపించారు. దొంగతనానికి ఐదేళ్ళే, మిగతా పద్నాలుగూ పారిపోవడానికి ప్రయత్నించినందుకు, మొదటిసారికి మూడు, రెండోసారికి ఐదు, మూడోసారి మూడు, నాలుగోసారి మూడు. ఆ ఐదేళ్ళు కూడా రొట్టె విలువని బట్టి కాదు, రాత్రిపూట మనుషులున్న ఇంటి కిటికీ పగలగొట్టి చెయ్యిపెట్టాడు కాబట్టి, పైగా ఇంట్లో తుపాకీ ఉంది, దొంగ వేట అలవాటుంది, అది కూడా వ్యతిరేకంగా పనిచేసింది.

ఇక్కడ మంచి గొడవ జరిగింది క్లాసులో. 2024 జూలై 1 నుంచి మనకి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 5,000 రూపాయల లోపు వస్తువు దొంగిలించిన మనిషి, అదీ మొదటిసారి శిక్షపడేవాడు, వస్తువో దాని విలువో తిరిగిచ్చేస్తే సమాజసేవ శిక్ష. అయితే జాఁ వల్జాఁ ఇవాళ చెన్నైలో అయితే చెట్లకి నీళ్ళుపోసి ఇంటికెళ్ళిపోయేవాడా అని ఒక అమ్మాయి అడిగింది. వెళ్ళడు, ఎందుకంటే రాత్రిపూట ఇల్లు పగలగొట్టడం అనేది వేరే నేరం, దానికి ఈ వెసులుబాటు లేదు. ఆకలి అదే, రొట్టె అదే, గాజు పగిలిందా లేదా అన్నదాన్ని బట్టి మనిషి బతుకు ఎటు పోతుందో తేలిపోతుంది. ఈ ఒక్క చర్చకే ఫీజు చెల్లిపోయింది అంటా నేను.

ఇంకొకటి కూడా చెప్పాలి, అరాస్ కోర్టు సీను. షాంమాత్యూ అనే అమాయకుడు ఆపిల్ కొమ్మతో దొరికాడు, వీడే పాత ఖైదీ జాఁ వల్జాఁ అని జావేర్ చెప్పాడు, వల్జాఁతో కలిసి జైల్లో ఉన్న ముగ్గురు ఖైదీలు కూడా వీడేనని గుర్తుపట్టారు, నలుగురూ తప్పే. అసలు వల్జాఁ మేయర్ హోదాలో అదే కోర్టు హాల్లో కూర్చుని చూస్తున్నాడు. సాక్షి అబద్ధమాడట్లేదు, నిజంగానే నమ్మి చెప్తున్నాడు, అయినా తప్పు చెప్తున్నాడు. ఐడెంటిఫికేషన్ పరేడ్ గురించి చదివే లా పిల్లలకి ఈ అధ్యాయాన్ని సిలబస్‌లోనే పెట్టాలి.

హ్యూగో చిన్న పుస్తకాలు రెండు, వాటి పేరే వినలేదు అంతకుముందు. ఒకటి 1829 నాటిది, ఉరికి కాదు గిలటిన్‌కి, అంటే తల నరికే యంత్రానికి, ఎదురుచూసే ఖైదీ ఆఖరి రోజు, మొదట రచయిత పేరు లేకుండా వేశారు, తర్వాత 1832లో పెద్ద ముందుమాట రాసి మరణశిక్ష వద్దని బాహాటంగా చెప్పాడు. ఆ ఖైదీ పేరు చెప్పడు, ఏం నేరం చేశాడో చెప్పడు. చెప్తే మనం వెంటనే వీడికి తగినశాస్తే అనో అయ్యో పాపం అనో తీర్పిచ్చేస్తాం, ఆ అవకాశం హ్యూగో మనకి ఇవ్వలేదు. రెండోది 1834లో క్లోద్ గ్యూ, నిజంగా క్లేర్వో జైల్లో ఉన్న మనిషి, 1832లో తల తీశారు. కథలో అతనిది భారీ ఆకలి, జైలు కూడు చాలదు, ఆల్బాఁ అనే కుర్రఖైదీ తన రొట్టె సగం పెట్టేవాడు, వాళ్ళిద్దర్నీ వర్క్‌షాపు అధికారి విడదీశాడు. ఎందుకు విడదీశారు అని రోజూ అడుగుతాడు, అతను "ఊరికే" అంటాడు. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి క్లోద్ తోటి ఖైదీల ముందే ఆ అధికారి మీద విచారణ పెట్టి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగి, తీర్పు చెప్పి చంపుతాడు, అదే చోట కత్తెరతో తనని తాను పొడుచుకుంటాడు. ప్రభుత్వం అతనికి వైద్యం చేయించి, కోలుకున్నాక తల తీస్తుంది. మేడమ్ ఈ భాగం చదివి చాలాసేపు వివరణ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు.

స్టెంధాల్ వారం కొంచెం తొందరగా అయిపోయింది. ఆంత్వాన్ బెర్తే అనే కమ్మరి కొడుకు తను పాఠాలు చెప్పిన ఇంటావిడని 1827లో చర్చిలో కాల్చాడు, మరుసటేడు గ్రెనోబుల్‌లో తల తీశారు, ఆ విచారణ పేపర్లో వచ్చింది, దాన్నించే 1830 నవల, ది రెడ్ అండ్ ది బ్లాక్. అందులో జూలియన్ సొరెల్ జ్యూరీకి ఒక మాట చెప్తాడు, మీ బెంచీల మీద బాగుపడిన పల్లెటూరివాడు ఒక్కడూ లేడు, అందరూ ఊళ్ళో పెద్ద మనుషులే, నా తరగతిలో పుట్టి పైకి రావాలనుకున్నందుకే నన్ను శిక్షిస్తున్నారు అన్నట్టు. తుపాకీ పేల్చిన మాట నిజం, అయినా ఆ మాటా నిజమే.

జోలాని రెండు వారాలు చేశారు. పరాయి దేశానికి సైనిక రహస్యాలు అమ్మాడని శిక్షపడిన ఫ్రెంచ్ సైనికాధికారి డ్రేఫస్ కేసు, అతని తరఫున జోలా రాసిన 1898 జనవరి 13 నాటి బహిరంగ లేఖ, రహస్య ఫైలుని డిఫెన్స్‌కి చూపించకుండా జడ్జీలకి మాత్రం చూపించి 1894లో శిక్షవేయడం, దొరికిన కాయితం మీది చేతిరాత డ్రేఫస్‌ది లాగా లేకపోతే కావాలనే తన రాతని తనే మార్చి రాశాడని బెర్తియాఁ అనే పోలీసు నిపుణుడు చెప్పిన వింత సిద్ధాంతం, అన్నీ వచ్చాయి, 1906లో గానీ పూర్తిగా నిర్దోషి అనలేదు, అప్పటికి జోలా పోయి నాలుగేళ్ళు. కానీ నన్ను పట్టుకున్నది ఇంకో వారం, తెరేజ్ రాకాఁ, 1867. అందులో కోర్టే లేదు. భార్యా ప్రియుడూ కలిసి భర్తని నీళ్ళలో ముంచి చంపారు, ఎవరికీ అనుమానం రాలేదు. అత్తగారికి పక్షవాతం వచ్చాక నిజం తెలుస్తుంది, మాట లేదు, కదల్లేదు. వారం వారం ఇంటికొచ్చి డామినోలు ఆడే స్నేహితుల ముందు ఎలాగో ఒక వేలు కదిపి టేబుల్ మీద అక్షరాలు రాయడం మొదలుపెడుతుంది, తెరేజ్, లోరాఁ అని ఇద్దరి పేర్లూ రాసి ఆగిపోతుంది, మిగతాది అతిథులే పూర్తిచేసేస్తారు, వీళ్ళు నన్ను బాగా చూసుకుంటున్నారు అని రాయబోయింది పాపం అని. ఆ టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకాయన రిటైర్డ్ పోలీసు అధికారి. నాకు ఒళ్ళు జలదరించింది. సాక్షి ఉంది, పోలీసూ ఎదురుగానే ఉన్నాడు, వినేవాళ్ళు తమకి కావాల్సిందే విన్నారు.

ఆంద్రే జీద్ వారం లా వాళ్ళెవరూ మిస్సవకూడదు. ఆయన 1912లో రువాఁ కోర్టులో జ్యూరీలో కూర్చుని, ఆ అనుభవం 1914లో పుస్తకంగా వేశాడు. జ్యూరీవాళ్ళు అవును కాదు అని ప్రశ్నలకి జవాబివ్వాలి, శిక్ష ఆ జవాబుల్ని బట్టి పడుతుంది. దొంగతనం రాత్రి జరిగిందా అంటే జరిగింది, కానీ అవును అంటే శిక్ష మరీ ఎక్కువైపోతుంది, అందుకని కాదు అనాల్సి వస్తుంది, అంటే న్యాయం చెయ్యాలంటే నిజం కాని జవాబు చెప్పాలి. మన దగ్గర భార్య ప్రియుణ్ణి కాల్చిన నేవీ అధికారి నానావతి కేసు 1959లో జ్యూరీ ముందుకెళ్ళింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యూరీ మాటే లేకుండాపోయింది, ఫ్రాన్స్‌లో మరీ పెద్ద నేరాలకి ఇప్పటికీ మామూలు జనం జడ్జీల పక్కన కూర్చుంటారు. ఏది మేలు అని మా బ్యాచ్ రెండుగా చీలిపోయింది, క్లాసు అరగంట ఎక్కువ నడిచింది, కాఫీ రెండోసారి వచ్చింది.

చివర్లో కామూ. 1942 నవల, అపరిచితుడు. మెర్సో అల్జియర్స్ బీచ్‌లో ఒక అరబ్బుని కాల్చాడు, ఒకసారి కాల్చి ఆగి మళ్ళీ నాలుగుసార్లు. కోర్టులో ఆ నాలుగు బుల్లెట్ల మాట కంటే ఎక్కువ నడిచింది తల్లి అంత్యక్రియల మాట, ఏడవలేదు, శవం దగ్గర కాఫీ తాగాడు, మర్నాడే అమ్మాయితో సినిమాకెళ్ళాడు అని. మేడమ్ బోర్డు మీద ఆ పాత ప్రశ్నే రాశారు, ఈసారి ఎవరూ మాట్లాడకముందే అందరికీ జవాబు తెలుసు. కలాస్ నుంచి ఇక్కడిదాకా దారి ఎలా వేశారో అప్పుడు కనిపించింది, పుకారు చూసి ఒకడికి, పుట్టుక చూసి ఒకడికి, చేతిరాత చూసి ఒకడికి, కళ్ళలో నీళ్ళు రాలేదని ఒకడికి. మన టీవీ చానళ్ళలో రాత్రి తొమ్మిదింటికి జరిగే విచారణలు కూడా ఇవే కదా, భార్య చనిపోతే మొగుడి మొహంలో బాధ కనిపించట్లేదు చూడండి అని జూమ్ చేస్తారు.

కామూ 1957లో గిలటిన్ మీద రాసిన వ్యాసం కూడా చదివించారు. వాళ్ళ నాన్న, పిల్లల్తో సహా ఒక కుటుంబాన్ని చంపినవాడికి శిక్ష పడాల్సిందే అని కోపంగా తెల్లవారుజామున లేచి గిలటిన్ చూడ్డానికి వెళ్ళి, తిరిగొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా మంచమెక్కి వాంతి చేసుకున్నాడు. ఫ్రాన్స్‌లో ఆఖరి గిలటిన్ 1977లో మార్సేలో, బాదాంతేర్ న్యాయమంత్రిగా ఉండి 1981లో మరణశిక్ష రద్దు చేయించాడు. దానికి ఏడాది ముందు, 1980లో, మన సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో అరుదుల్లో అరుదు అని గీత గీసి మరణశిక్షని ఉంచింది. రెండు దేశాలూ ఒకే సమయంలో ఒకే ప్రశ్న ముందు నిలబడి చెరో దారి పట్టాయి. నేను వెళ్ళేముందు మరణశిక్ష ఉండాల్సిందే అనేవాణ్ణి, ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఇక తగ్గిన అర మార్కు. మొదటిది, కామూ అపరిచితుడు నవలలో చచ్చిపోయిన అరబ్బుకి పేరు లేదు. అల్జీరియా రచయిత కామెల్ దావూద్ 2013లో చనిపోయినవాడి తమ్ముడి నోటితో ఇంకో నవల రాసి అతనికి మూసా అని పేరుపెట్టాడు. మొత్తం కోర్సులో తెల్లవాళ్ళ కోర్టులో వలస దేశపు మనిషికి ఏం న్యాయం దొరికింది అన్న ప్రశ్న వచ్చింది అక్కడే, దానికి ఇచ్చింది చివరి అరగంట. మేడమ్ యానాం మనిషి, ఫ్రెంచ్ చట్టం కింద బతికిన తెలుగు ఊరు, దీనికి ఒక శనివారమంతా ఇవ్వాల్సింది. ఒకసారి మాటల్లో చెప్పారు కూడా, 1929 శారదా చట్టం బాల్యవివాహాలు ఆపితే, అది ఫ్రెంచ్ యానాంలో చెల్లదని గోదావరి జిల్లాలవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ పెళ్ళిళ్ళు చేసేవారట, అందుకే ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. నదికి ఇటు నేరం, అటు శుభకార్యం. ఒక నది సరిహద్దు గీసే న్యాయం ఏం న్యాయం అని పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే అన్నాడని చెప్పి, ఆయ్ మా ఊరి సంగతి ఆయనకి ముందే తెలిసిపోయిందండీ అన్నారు. ఇంత మంచి సరుకు చేతిలో పెట్టుకుని సిలబస్‌లో చేర్చకపోవడం నాకు బాధనిపించింది, చెప్పాను కూడా, వచ్చే బ్యాచ్‌కి చూద్దామన్నారు. విశాఖలో లాయరుగా చేసిన రావిశాస్త్రిగారి సారా కథలు పక్కన పెట్టి చదివిస్తే ఇంకా బాగుంటుందని కూడా అడిగాను, కోర్టు గుమ్మం దగ్గర పేదవాడికి ఏమవుతుందో ఆయనకంటే బాగా రాసినవాళ్ళు మనకి లేరు.

రెండోది ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో వారం. 1975 పుస్తకం, జైళ్ళ పుట్టుక మీద, మొదటి పేజీల్లో రాజుని కత్తితో పొడిచిన దామియాఁకి 1757లో వేసిన శిక్ష వర్ణన చదివి అందరం బిగుసుకుపోయాం, అక్కణ్ణించి సిద్ధాంతంలోకి వెళ్ళేసరికి సగం మంది చేతులెత్తేశారు. కేసు, పుస్తకం అనే పద్ధతి వదిలిన వారం అదొక్కటే, అందుకే నిలబడలేదు. డిటెక్టివ్ నవలలకి కూడా న్యాయం జరగలేదు, దొంగగా మొదలై పారిస్ పోలీసు డిటెక్టివ్ విభాగానికి పెద్దయిన విదోక్, 1866 నాటి గాబోరియో, మెగ్రే అనే పోలీసు అధికారి కథల సిమెనాఁ, ముగ్గురూ ఒకే పూటలో అయిపోయారు.

మేడ మీద రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, ఏప్రిల్, మే నెలల బ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి. ప్రింటౌట్లు కొన్ని మసగ్గా ఉంటాయి, పుస్తకాలు కొనుక్కోవడం మేలు, ఇంగ్లీషు అనువాదాలు పెంగ్విన్‌వి మౌంట్ రోడ్ హిగ్గిన్‌బాథమ్స్‌లో అడిగి చూడండి, కొనలేకపోతే ఎగ్మోర్ కన్నెమెరా లైబ్రరీ ఉంది. బండి పెట్టుకునే చోటు లేదు, మెట్రో పనులతో లజ్ చుట్టూ ట్రాఫిక్ ఘోరం, తిరుమయిలై స్టేషన్‌లో దిగి నడిచిపోవడమే సుఖం. క్లాసు ఇంగ్లీషులో నడుస్తుంది, తమిళం, తెలుగు మధ్యమధ్యలో వస్తూనే ఉంటాయి, బ్యాచ్‌కి పన్నెండు మందికి మించి తీసుకోరు. మధ్యలో మానేస్తే ఫీజు వాపసు లేదు, అది ముందే చెప్తారు.

లా చదివే పిల్లలు, జూనియర్ లాయర్లు, క్రైమ్ వార్తలు రాసే రిపోర్టర్లు తప్పకుండా వెళ్ళండి. పరీక్ష కోసం నోట్సు కావాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, మేడమ్ నోట్సు ఇవ్వరు. కొత్త బ్యాచ్ పొంగల్ తర్వాత మొదలవుతుంది, చేరేముందు క్లోద్ గ్యూ చదువుకుని రమ్మంటారు, చిన్న పుస్తకమే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. వివరాలు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, మేడమ్‌ని అడిగి నంబరు ఇస్తా.